తుంబురకోనలో తొలి ఎల్లరాయి

గరుడశిఖరం మీద సూర్యబింబం కుంకుమ భరిణెలా పొడచూపింది. ఆ ఎర్రని వెలుగు కొండచరియల మీదుగా జారి, మంచుతెరలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ తుంబురకోనలోకి దిగుతోంది. మూడువైపులా నీలమేఘాల వంటి పర్వతాలు. నాలుగోవైపు వెయ్యి ఏనుగులు ఒక్కమారు ఘీంకరించినట్లు కోన అంచు నుంచి కిందికి దూకే శంఖిణీ జలపాతం. నడుమ పచ్చపట్టు పరచినట్లు జొన్నచేలు, కొర్రచేలు. గంధర్వులు సైతం విమానం ఆపి చూసిపోవలసిన చోటు అది. అయినా ఆ ఉదయం కనుమ దాటి కోనలో అడుగుపెట్టిన యువకుడు తలెత్తి ఆ శోభను చూడలేకపోయాడు.

అతని భుజాన గాజుల మలారం వేలాడుతోంది. తలకు మాసిన పాగా, చెవులకు రాగిపోగులు, ముఖాన ఆముదంలో కలిపి పూసిన బొగ్గుపొడి. చూసినవారెవరూ అతణ్ణి హేమకూట రాజ్యపు యువరాజు రత్నాంగదుడని అనుకోరు. మూడు రోజుల కిందట రాజగురువూ మహామాంత్రికుడూ అయిన కుంభీలకుడి భూగృహంలోకి దూరి, కావలి ఉన్న రెండు తలల తోడేలును కూల్చి, సర్పముద్ర వేసిన తాళపత్రం చదివి, కందకం ఈది బయటపడినవాడు ఇతడేనంటే అసలే నమ్మరు.

ఆ తాళపత్రంలో ఉన్నది మూడే పంక్తులు. తొలి ఎల్లరాయిని పాతినవాడే పెకలించాలి. ఎవరిని మోసగించి పాతాడో వారి ఎదుట, చేసినదంతా చెప్పి పెకలించాలి. ఒక్క మాట దాచినా రాయి కదలదు.

తోడేలు కోరలకు బెదరని రత్నాంగదుడు ఆ మూడో పంక్తిని మళ్ళీ మళ్ళీ చదివాడు.

రెండేళ్ళ కిందట అతని తండ్రి చండవిక్రమ మహారాజు తుంబురకోన మీద కన్నువేశాడు. సైన్యాన్ని పంపబోతుంటే కుంభీలకుడు నవ్వి వారించాడు. "మహారాజా, ఆ కోనను గెలవాలంటే ముందు దాన్ని ఓడిపోయేవాడు ఒకడుండాలి. అక్కడ 'ఈ నేల నాది' అన్నవాడు ఒక్కడూ లేడు. ముందు వాళ్ళ చేత ఆ మాట అనిపించాలి" అన్నాడు.

అది నిజమే. కోనలో తొలకరి పడగానే ఊరంతా ఒకచోట చేరి గవ్వలు వేసి చేలు పంచుకునేవారు. ఎవరి వంతుకు వచ్చిన చెక్కను వాళ్ళు ఆ ఏడు దున్ని, కోసుకుని, మళ్ళీ ఊరికి అప్పజెప్పేవారు. అడవి, ఏరు, మేతబీడు అందరివీ. చేనుకు గట్టు ఉండేది గాని గుర్తు ఉండేది కాదు. నేలను అమ్మడం అన్న మాటే వాళ్ళకు తెలియదు.

అలాంటిచోటికి రత్నాంగదుడు ఉప్పు అమ్ముకునేవాడి వేషంలో వెళ్ళాడు. కొన్నాళ్ళు వాళ్ళతో కలిసి ఉండి, ఒక చెక్క సంపాదించి, దాని గట్టు మొదట ఒక రాయి పాతాడు. అదేమిటని అడిగితే, కొత్తవాణ్ణి కదా, నా చేను ఏదో మరచిపోకుండా గుర్తు అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు పక్కచేనువాడు, తన జొన్నలు ఇతని కోతలో కలిసిపోతాయేమోనని తానూ ఒక రాయి పాతాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. నెల తిరిగేసరికి కోనలో రాయిలేని చేను లేకుండా పోయింది. కోతలనాడు కుంభీలకుడు గరుడశిఖరం మీద నిలబడి మంత్రం చదివాడు. రాళ్ళ మీద పేర్లు నిప్పుతో చెక్కినట్లు వెలిశాయి. పేరు లేనివాడు రాయి దాటితే నిలువునా శిలైపోవడం మొదలైంది. ఆ వెనక రాజోద్యోగులు, ఏ చేను ఎవరిదో చెక్కిన రాగిరేకులతో దిగారు. కోనవాళ్ళలో పదిమందికి ఒక్కో చిన్న చెక్క మిగిలింది. తక్కిన నేలంతా హేమకూటపు కొలువుదారుల పాలైంది. నిన్నటిదాకా దున్నిన చేనులో దిగాలంటే ఇప్పుడు వాళ్ళిచ్చే రాగిబిళ్ళ మెడలో ఉండాలి.

తండ్రి నిండుసభలో రత్నాంగదుడి మెడలో ముత్యాలహారం వేశాడు. అతడు ఆ హారాన్ని మళ్ళీ ధరించలేదు. తుంబురకోన మాట వస్తే చాలు, సభలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు.

* * *

ఎల్లరాళ్ళ నడుమ బాటలు మాత్రం ఇంకా ఎవరి పేరా లేవు. రత్నాంగదుడు ఆ బాట వెంటే నడిచాడు. ఎక్కడ తల తిప్పాలో అతనికి ముందే తెలుసు. అయినా ఆ చేను పక్కకు వచ్చేసరికి కళ్ళు వాటంతటవే అటు మళ్ళాయి.

జత ఎద్దులు, వాటి వెనక నాగలి, నాగలి మేడి పట్టుకున్న ముసలి రైతు. ఎద్దుల గంగడోళ్ళ ముడతలూ, రైతు నుదుటి మీద చెమటబొట్టూ, ఎద్దుల్ని అదిలించడానికి తెరిచిన నోరూ సహా అన్నీ నల్లరాయి. ఆ రైతు పేరు బూదన్న. రత్నాంగదుడికి నాగలి పట్టడం నేర్పినవాడు అతడే.

రాజకుమారుడు పాగా కొంగును కళ్ళమీదికి లాక్కుని అడుగు వేగం పెంచాడు. సరిగ్గా అప్పుడే వెనక ఇసుక మీద చాప ఈడ్చినట్లు చప్పుడైంది.

నూరు బారల కొలతాడు బాట నిండా మెలికలు తిరుగుతూ వస్తోంది. నేలను కొలవడానికి కుంభీలకుడు జనపనారతో పేని, ప్రాణం పోసి విడిచిన తాడు అది. బారకొక ముడి, ముడికొక కన్ను. మణికట్టంత లావున్న దాని తల గాలిలో లేచి, కొత్తవాడి వాసన పసిగట్టి, మెరుపులా ముందుకు దూకింది.

రత్నాంగదుడు పరుగందుకున్నాడు. బాట ఒక మలుపు తిరిగింది, ఇంకొక మలుపు తిరిగింది. తాడు అడ్డంగా చేల గట్ల మీదుగా పాకి ఎదుట నిలిచింది. అతడు మలారం విప్పి దాని మొహాన విసిరాడు. ఎర్రవీ పచ్చవీ గాజులు వందల ముక్కలై చెల్లాచెదరయ్యాయి. కొలవడం తప్ప వేరే బుద్ధిలేని తాడు ఒక్కో ముక్క దగ్గరా ఆగి, దాని పొడవు తీసుకోసాగింది. ఆ సందున అతడు వెనక్కు తిరిగి పరిగెత్తాడు. నలభై అడుగులు వేశాడో లేదో తాడు మళ్ళీ తరుముకొచ్చి చీలమండను చుట్టబోయింది. రత్నాంగదుడు ఎగిరి పక్కకు దూకాడు.

దూకినచోటు బాట కాదు. ఒక కొలువుదారుడి జొన్నచేను. రెండు పాదాలూ ఎల్లరాయికి అవతల పడ్డాయి.

అతడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పాదాల నుంచి చల్లదనం పైకి పాకుతుందని ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచేసరికి తాడు రాయి దగ్గరే ఆగి ఉంది. ముడిముడికీ ఉన్న కళ్ళన్నీ అతని మీదే నిలిచాయి. తరువాత ఆ తాడు, యజమాని ముందు బంటు వంగినట్లు తల నేలకు ఆనించి, మెల్లగా వెనుదిరిగి వెళ్ళిపోయింది.

"ఏయ్ గాజులోడా."

బాటకు అవతల చిన్న కొర్రచేనులో ఒక స్త్రీ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకు బిగించి, చేతిలో కొడవలి పట్టుకుని చూస్తోంది. ఆమె పేరు నాగిలి అని రత్నాంగదుడికి తెలుసు. భర్త ఎలుగుబంటి బారినపడి పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటున్న మనిషి.

"ఆ చేనులో బిళ్ళ లేకుండా కాలు పెట్టినోడు మళ్ళీ తీసింది నేను చూళ్ళేదు" అంది ఆమె. "నువ్వెట్టా తీశావు?"

"నాకూ తెలియదు."

ఆ కోనలో అతడు పలికిన మొదటి నిజం అదే. నాగిలి నమ్మలేదు. బాట దాటి వచ్చి కొడవలి మొన అతని మెడకు ఆనించింది.

"ముందు నడు. పెద్దమ్మ తేలుస్తుంది నీ సంగతి."

* * *

ఊరికి పెద్ద పోలవ్వ. బూదన్న భార్య. తాటాకు పాక ముందు పొయ్యిమీద అంబలి కలుపుతోంది. నాగిలి జరిగింది చెబుతున్నంతసేపూ ఆమె తలెత్తలేదు. అంతా విని, సొరకాయ బుర్రలో అంబలి పోసి గాజులవాడి ముందు పెట్టింది.

"ఉప్పు అమ్ముకునేవాడివి. గాజుల బేరం ఎప్పుడు పట్టావు నాయనా?"

రత్నాంగదుడి చేతిలో బుర్ర ఒరిగి అంబలి నేలపాలైంది.

"మూడు వారాలు నీ నుదుటికి తడిగుడ్డ వేశాను" అంది పోలవ్వ. "బొగ్గు పూసుకుంటే ఆ నుదురు నాకు తెలవకుండా పోద్దా." ఒరిగిన బుర్ర తీసుకుని మళ్ళీ నింపి ముందు పెట్టింది. "తాగు. ఎంత దూరం నడిచొచ్చావో ఏమో."

అతడు ఒక్క గుక్క తాగాడు. బుర్ర కింద పెట్టి, పాగా తీసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అవ్వా, నేను ఉప్పువర్తకుణ్ణి కాను. హేమకూటపు యువరాజును. ఆ మొదటి రాయి కావాలనే పాతాను. దాన్ని పెకలించడానికి వచ్చాను. నీ ముందు అంతా చెప్పి..."

"ఆగు." పోలవ్వ చెయ్యెత్తింది. "నా ఒక్కదానికి చెబితే నాకు బరువు పెరుగుద్ది, నీకు తగ్గుద్ది. అందరి ముందూ చెప్పు."

నాగిలి కొడవలి దించలేదు. ఆమె ముఖం జేవురించింది.

"రాళ్ళన్నీ పోతాయా?" అని అడిగింది.

"పోతాయనే అనుకుంటున్నాను."

"నా రాయి కూడానా?"

నాగిలి పోలవ్వ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వు కోపగించుకున్నా సరే, ఇవాళ అంటాను. గవ్వలేసి పంచినంత కాలం నా వంతుకి ఏమొచ్చింది? మా ఆయన పోయిన ఏడు ఏటి ఒడ్డున రాతిగుట్ట. ఆ తర్వాతి ఏడూ రాతిగుట్టే. గవ్వలు అన్నిసార్లూ నాకే అట్టా పడతాయా? మగదిక్కు లేదు, అడిగేవాళ్ళు లేరని మీరే వేశారు అట్టా. ఆ పాపిష్టి రాయి మీద నా పేరు పడ్డాకే నా పిల్లలు రెండు పూటలా తింటున్నారు. ఇప్పుడా రాయి తీసేసి మళ్ళీ గవ్వల ముందు కూకోమంటారా నన్ను?"

పొయ్యిలో మంట చిటపటలాడింది. గవ్వలు వేసేది పోలవ్వ చెయ్యే. ఆమె కొంగుతో ముఖం ఒత్తుకుంది.

"నిజమే చెప్పావు" అంది. "నా తమ్ముడి చేను మంచిది కావాలని నీ చేను రాళ్ళలోకి తోశాను. ఎవరికీ తెలవదనుకున్నాను."

"నాకు తెలుసు" అంది నాగిలి.

"ఆ మాట కూడా అందరి ముందే అంటాను. ఇతని తర్వాత నేను చెబుతాను." పోలవ్వ లేచింది. "పద నాయనా."

* * *

బూదన్న శిల ఉన్న చేను పక్క బాట మీద కోనవాళ్ళంతా చేరారు. అందరి మెడల్లోనూ రాగిబిళ్ళలు. రాజకుమారుడు ముఖం కడుక్కుని, మారువేషం లేకుండా వాళ్ళ మధ్యకు వచ్చాడు. ఒక్కరూ తిట్టలేదు. దారి ఇచ్చారు. వాళ్ళు తిట్టి ఉంటే తల ఎత్తగలిగేవాడేమో.

ఆ తొలి ఎల్లరాయి మోకాలెత్తున, నల్లగా, నూనె పూసినట్లు నిగనిగలాడుతోంది. రత్నాంగదుడు దానికి అవతల చేనులో అడుగుపెట్టి, బాట వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. తన పేరు చెప్పాడు. తండ్రి ఆశ చెప్పాడు. కుంభీలకుడి ఉపాయం చెప్పాడు. గుర్తుకోసమని అబద్ధమాడి రాయి పాతిన సంగతి చెప్పాడు. వంగి, రెండు చేతులా రాయి పట్టుకుని బలంకొద్దీ లాగాడు. మదపుటేనుగు కొమ్ములు వంచిన ఆ చేతులకు రాయి వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"ఇంకేదో ఉంది" అంది పోలవ్వ మెల్లగా.

అతడు నేల చూశాడు.

"నాకు జ్వరం రాలేదు" అన్నాడు. "కొండవేరు నమిలి ఒళ్ళు వేడెక్కించుకున్నాను. జబ్బుపడినవాడికైతే మీరు కాదనరని రాజగురువు చెప్పాడు. అవ్వ నా పక్కన కూర్చున్న మూడు వారాలూ నేను పరీక్షగా మీ చేలు లెక్కపెట్టుకున్నాను. బూదన్న తన వంతు చెక్క నాకిచ్చి, ఒక్క పంట తీసుకో, ఒంట్లో సత్తువ వస్తుంది అన్నాడు."

మళ్ళీ లాగాడు. రాయి కొద్దిగా ఊగి, ఆగిపోయింది.

అతడు రాయి వదిలి నిటారుగా నిలబడ్డాడు. బాట మీద ఎవరూ కదలలేదు.

"కోతలనాడు నేను ఆ గుట్ట మీద ఉన్నాను" అని వేలు చూపించాడు. "మంత్రం పడ్డాక రాయి దాటినవాడు ఏమవుతాడో గురువు నాకు ముందే చెప్పాడు. నేను నమ్మలేదు. బూదన్న ఎద్దుల్ని తోలుకుంటూ వచ్చాడు. నా కోత అయిపోయింది కదా, దుక్కి చేసి ఊరికి అప్పజెబుదామని. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. కేక వేస్తే నేనెవరో తెలిసిపోతుందని వెయ్యలేదు. అతని పాదాలు నల్లబడటం చూశాను. గుర్రమెక్కి వెళ్ళిపోయాను."

పోలవ్వ కళ్ళు మూసుకుంది. వెనక ఎవరో పళ్ళు కొరికిన చప్పుడు వినిపించింది. రత్నాంగదుడు వంగి రాయి పట్టుకున్నాడు. తడిమట్టిలోంచి ముల్లంగి వచ్చినట్లు అది చేతుల్లోకి వచ్చేసింది.

రాయి అడుగున నిప్పు అక్షరాలు మండుతున్నాయి. అవి చదివి అతడు కొయ్యబారిపోయాడు. అక్కడ ఉన్నది మహారాజు పేరు కాదు. అతని పేరే.

గుంటలోంచి పొగ లేచింది. ఆ పొగ చిక్కబడి, మోకాళ్ళదాకా తెల్లని గడ్డం, మెడలో రాజముద్రల దండతో కుంభీలకుడి ఆకారమైంది. అతడు చాలా మృదువుగా మాట్లాడాడు.

"యువరాజా, అన్నీ చెప్పేశారు. సంతోషం. మీ తండ్రిగారికి తెలియని విషయం ఒకటుంది. తొలి రాయి ఎవరిదో మలి రాళ్ళన్నిటి మీదా పైచెయ్యి వారిదే. రెండేళ్ళుగా ఈ కోన మీదే. నా తాడు మీకు తల వంచింది అందుకే. ఇప్పుడు రాయి పైకి వచ్చింది గనక మీరొక మాట అనాలి. 'నాది' అంటే కోన మీదే, ఈ శిలలు శిలలే. 'నాది కాదు' అంటే ఇది విడిచిపెట్టిన సొత్తు. విడిచిపెట్టిన సొత్తు మొదట చెయ్యి వేసినవాడిది. నా చెయ్యి ఇక్కడే ఉంది."

అతని ఎముకల చెయ్యి గుంట అంచున ఆనింది. కోనవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రత్నాంగదుడు మాంత్రికుడి వైపు చూడలేదు. వంగి చేనులోంచి ఒక మట్టిబెడ్డ తీశాడు. పంట తీసినవాళ్ళు ఊరికి చేను అప్పజెప్పేటప్పుడు బెడ్డ తెచ్చి పెద్ద చేతిలో పెట్టడం రెండేళ్ళ కిందట అతడు చూశాడు. బాటమీదికి నడిచి పోలవ్వ ఎదుట నిలబడ్డాడు.

"ఇది నాదీ కాదు, విడిచిపెట్టిందీ కాదు. ఒక్క పంటకు మీరిచ్చారు. పంట కోసుకున్నాను. ఇవ్వవలసిన రోజున ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను, అవ్వా."

పోలవ్వ అతని ముఖంలోకి చూసింది. క్షమించానని అనలేదు. చెయ్యి మాత్రం చాచింది.

"తీసుకున్నాను" అంది.

గుంట అంచున ఆనిన చెయ్యి కాలినట్లు వెనక్కి పోయింది. చేనులో మొదట ఎద్దు చెవి కదిలింది. తరువాత తోక. గంగడోలు మీది నలుపు చెమటలా కారి నేలలో ఇంకిపోయింది. రెండేళ్ళుగా తెరిచి ఉన్న బూదన్న నోట్లోంచి "హో, హో" అని అదిలింపు పూర్తిగా బయటికొచ్చింది. అతడు నాగలి ఆపి, జనాన్ని చూసి తెల్లబోయాడు. రాజకుమారుణ్ణి చూసి నవ్వాడు.

"ఏం నాయనా, జ్వరం పూర్తిగా తగ్గిందా?"

తోడేలును చంపినవాడు, కందకం ఈదినవాడు, ఆ మాటకు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

* * *

కోనలో తక్కిన శిలలు మాత్రం కదలలేదు. కుంభీలకుడు నవ్వాడు.

"ఒక్క చెక్క పోయింది. తక్కిన చేల హక్కులు ఇప్పుడు రాళ్ళ మీద లేవు యువరాజా, రేకుల మీద ఉన్నాయి. రేకులు నా దగ్గరున్నాయి. ఇక మీరు దేనికీ యజమాని కారు."

పొగ చెదిరిపోయింది. మరుక్షణం చేల మధ్యనుంచి నూరు బారల కొలతాడు ఈలవేస్తూ లేచింది. ఈసారి అది తల వంచలేదు. రత్నాంగదుణ్ణి పాదాల నుంచి భుజాలదాకా చుట్టి, కింద పడేసి, శంఖిణీ జలపాతం వైపు ఈడ్చుకుపోయింది. గట్లు, ముళ్ళకంపలు, రాళ్ళు. జనం ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళు రాకపోవడం అతనికి అన్యాయమనిపించలేదు.

తాడు తోక కొర్రచేనును తొక్కుకుంటూ పోయింది. అది నాగిలి చేను. వెన్ను పట్టిన కొర్ర నిలువునా నేలమట్టమైంది. ఆమె ఒక్క క్షణం పడిపోయిన పైరును చూసింది. పరిగెత్తుకొచ్చి ఎగిరి ఆ తోక పట్టుకుంది.

ఇద్దరూ కొండ అంచుకు వచ్చారు. కింద నూరు నిలువుల లోతున నురుగు. తాడు ఆగలేదు. నీటితెరను చీల్చుకుని, ఆకాశం తలకిందులై, ఊపిరాడని తెల్లని హోరులోంచి పడి, జలపాతం వెనక ఉన్న గుహలో రాతి మీద ఈడ్చుకుంటూ ఆగింది.

ఆ గుహ గోడల పొడవునా వేలాది రాగిరేకులు వేలాడుతున్నాయి. నీటితెర వడబోసిన సూర్యకాంతిలో అవి నిప్పుకణికల్లా మెరుస్తూ, గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఒక్కో రేకూ ఒక చేను. ఒక్కో చేనూ ఒక పేరు. తాడు బందీని నడిమి స్తంభానికి బిగించి, అలసిన పాములా ముడుచుకుంది. దాని కళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

నాగిలి తడిసిన జుట్టు పిండుకుని లేచింది. రేకుల వెంట నడుస్తూ ఒకచోట ఆగింది. తన పేరు గీతలు ఆమెకు గుర్తే. ఉద్యోగులు ఒకసారి చూపించారు. ఆ రేకును కొక్కెం నుంచి తీసి రవికలో దోపుకుంది. గుహ చివర బయటికి పోయే సందు కనిపిస్తోంది. ఎవరూ అడ్డు లేరు.

"వెళ్ళు నాగిలీ" అన్నాడు రత్నాంగదుడు. అతడు ఆమె వైపు చూడలేదు. "అది నీదే. ఎవరినీ మోసం చెయ్యకుండా దున్నుకున్నావు."

"నీకోసం రాలేదు నేను" అంది నాగిలి.

"తెలుసు."

ఆమె సందు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి వేలాడే రేకుల వంక చూసింది. ఆ వరసలో తన ఇరుగుపొరుగు దున్నిన చేల రేకులు ఏవో ఆమెకు తెలియదు. రాతిగుట్ట దగ్గర శిలైన తన మేనత్త నిలిచిన చేను రేకు ఏదో తెలియదు. ఆమె తిరిగి వచ్చింది.

"నాకు నా పేరు తప్ప వేరేవి చదవడం రాదు" అంది. "ఏది ఏ చేనిదో తెలిస్తే ఊరికి అప్పజెప్పొచ్చు. ఇవన్నీ నువ్వు చదవగలవా?"

"చదవగలను."

"ఒక్కటి అబద్ధం చదివావని తెలిసిందో..."

"చదవను."

నాగిలి నడుములోంచి కొడవలి తీసి తాడు మీద మొదటి వేటు వేసింది. నార తెగింది. ఆ ముడి దగ్గరున్న కన్ను తెరుచుకుని ఆమెను చూసింది. తరువాత దాని పక్కది తెరుచుకుంది. తరువాత దాని పక్కది. నూరు కళ్ళూ వరసగా తెరుచుకుంటుంటే, ఆమె తల తిప్పకుండా రెండో వేటు వేసింది.

"మొదలుపెట్టు" అంది.

రత్నాంగదుడు తలెత్తి, అన్నిటికంటే ముందున్న రేకు మీది పేరు బిగ్గరగా చదివాడు.